ఒడ్డుమీది పుట్టి

షాబాదు ప్రాంతమువారు పడవను గుఱించి వ్రాయబూనుట చూచి చదువరులు నవ్వవచ్చును. మాకు సముద్రము లేదు. ఏడాది పొడుగున నిండుగా పాఱు నదియు లేదు. షాబాదు అనగానే దూరపువారికి ఇండ్లలో పఱచు బండలు తలపునకు వచ్చును గాని పడవలు రావు. నిజమునకు ఆ బండలకు పేరిచ్చిన షాహాబాదు కర్ణాటకమున కలబురగి ప్రాంతమునది. మన షాబాదు చేవెళ్ల, మొయినాబాదులకు ఇరుగుపొరుగుగా రంగారెడ్డి జిల్లాలో నున్నది. మన ఊళ్లకు నీరనగా వాన నీరే. ఆ నీటిని చెఱువులు పట్టి నిలుపును. మిగిలినది వాగులగుండ మూసీకిని, దాని ఉపనదియగు ఈసీకిని చేరును. 1908వ సంవత్సరము సెప్టెంబరు మాసమున మూసీ పొంగి హైదరాబాదును ముంచిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాల ననుసరించి అట్టి ప్రమాదము మరల రాకుండుటకై మూసీమీద ఉస్మాన్ సాగరమును, ఈసీమీద హిమాయత్ సాగరమును నిర్మించిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి.

చెఱువున్నచోట చేప యుండును. చేప యున్నచోట దానిని పట్టువాడుండును. వానికి నీటిమీద నిలుచుట కేదియో యొక ఆధారము కావలెను. ఆ యాధారమే పుట్టి. ధాన్యము కొలుచు పుట్టిని పెద్దలెల్ల రెఱుగుదురు. మేము చెప్పునది వెదురు బద్దలతో గుండ్రని గంపవలె అల్లి, నీరు చొరకుండ పైన కప్పు వేసిన పడవ. దానికి ముందు లేదు, వెనుక లేదు. తెడ్డు వేయుట తెలియనివాడెక్కిన, ఉన్నచోటనే గిరగిర తిరుగును. పూర్వము దీనిపై పశుచర్మమును బిగించెడివారు. ఇప్పుడు గట్టి ప్లాస్టిక్ గోనెపట్టాలను కట్టి తారు పూయుదురు.

ఇది చాల ప్రాచీనమైన పడవ. రమారమి 1520లో విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అను నతడు తుంగభద్రలో ఇట్టి చర్మపు పుట్లను చూచి, అవి పదునైదిరువదిమందిని మోయుననియు, తిన్నగా పోక తిరుగుచుండుననియు వ్రాసియున్నాడు. అంతకు రెండువేల యేండ్లకు దగ్గఱగా పూర్వమే గ్రీకు చరిత్రకారుడగు హెరొడోటసు బాబిలోను దేశపు గుండ్రని తోలు పడవలను వర్ణించెను. ఆ వర్తకులు ప్రతి పడవలో నొక గాడిదను కూడ ఎక్కించుకొని ప్రవాహము వెంబడి దిగివత్తురట. సరకు అమ్ముడైన పిదప పడవ చట్రమును కూడ అచ్చటనే అమ్మివేసి, తోళ్లను మాత్రము గాడిదపై వేసికొని కాలినడకను స్వదేశమునకు పోవుదురట. చట్రము మరల దొరకును, మంచి తోలు దొరకదు. కావున దానిని విడువక కాపాడుకొనిరి.

శీతల దేశములలో పడవకు విశ్రాంతికాలము చలికాలము. అచట నీరు గడ్డకట్టును. నీరు మంచైనప్పుడు దాని పరిమాణము నూటికి సుమారు తొమ్మిది పాళ్లు పెరుగును గనుక, యంత్రములోగాని గొట్టములోగాని నిలిచియున్న కొద్ది నీరు సహితము ఇనుమును పగులగొట్టగలదు. కావున ఆ దేశస్థులు చలి ముదురకముందే పడవను ఒడ్డునకు లాగి, లోపలి నీటినంతయు దింపి, కప్పివేసి, వసంతమువఱకు కాపాడుదురు. మనకు మంచు భయము లేదు. మన చెఱువు పడవకు చలికాలము పని కాలము. చెఱువు అడుగంటు వేసవియే దాని విశ్రాంతికాలము. చైత్రమునుండి వానలు కురిసి చెఱువు నిండువఱకు పుట్టి ఒడ్డున నుండవలెను. ఆ మూడు నాలుగు మాసములు దానిని ఎట్లుంచవలెనో మేము నేర్చుకొన్న విధమును చెప్పుటకే యీ వ్యాసము. అది మాకు గౌరవము తెచ్చు కథ కాదు. అయినను పిల్లలకు తమ తప్పులను ఒప్పుకొనుమని బోధించువారము మా తప్పును దాచుట న్యాయము కాదు.

ఇది జరిగి పదునేడు సంవత్సరములు కావచ్చినది. అప్పటికి మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుండి వెలువడి ఎంతో కాలము కాలేదు. ఈ పాఠశాలకు రాక పూర్వము, ఈ ప్రాంతముననే యొక చిన్న బడిలో సామాన్యశాస్త్రము చెప్పుచుంటిమి. ఏడవ తరగతిలో తేలెడు వస్తువులను గుఱించిన పాఠము వచ్చెను. పుస్తకములోని బొమ్మకంటె కండ్లయెదుటి వస్తువు మేలని కళాశాలలో మాకు నేర్పిరి గనుక, పిల్లలను చెఱువునకు తీసికొనిపోయితిమి. అచట ఒక వృద్ధ జాలరి మమ్ముల నిద్దఱిద్దఱిని తన పుట్టిలో నెక్కించుకొని త్రిప్పెను. ఆయన మనుమడు మా తరగతిలోని పిల్లవాడే. నాటినుండి మేమును ఆయనను తాతా అని పిలుచుచుంటిమి.

ఆ యేడు ఉగాది దాటినంతనే చెఱువు నీరు వేగముగా తగ్గెను. ఒకనాటి సాయంకాలము తాత, మనుమడు పుట్టిని బోర్లించి తలలపై పెట్టుకొని బడికి వచ్చిరి. దూరమునుండి చూచువారికి ఒక పెద్ద తాబేలు నాలుగు కాళ్లతో నడచి వచ్చుచున్నట్లుండెను. చేపలు లేని కాలమున తాను పట్టణమునకు పోయి, ఇండ్లు కట్టుచోట కావలి పని చేయుదుననియు, వానలు పడగానే తిరిగి వచ్చెదననియు, తన గుడిసెకు తాళము వేసిన పిమ్మట పుట్టిని చూచువారు లేరనియు, చెఱువుకట్టపై విడిచినయెడల పశువులు త్రొక్కుననియు చెప్పి, బడి వసారాలో నుంచుకొనుమని అడిగెను. మేము సంతోషముగా ఒప్పుకొంటిమి. అప్పుడు ఆయన వ్రేళ్లు మడచుచు చెప్పిన మాటలు నేటికిని మా చెవులలో నున్నవి.

“సారూ, పుట్టి నీళ్లల్ల ఖరాబు గాదు. ఒడ్డుకు వెట్టినంకనే ఖరాబైతది. గందుకే జెర మంచిగ సూడాలె. నీడకే ఉంచాలె. బోర్లెయ్యాలె. మట్టికి తాకనియ్యొద్దు. పది దినాలకొకసారి ఎత్తి కింద సూడాలె.”

నాలుగే మాటలు. పలకమీద వ్రాసికొనుట కైనను అవసరము లేనన్ని. మేము తల యూపితిమి. తల యూపుచునే, ఒక గంపను బోర్లించుటకు ఇంత ఉపదేశ మేల అని లోలోన అనుకొంటిమి. తేలుటను గుఱించి ఆర్కిమిడీసు సూత్రమును కంఠస్థము చేసినవారము గదా!

పుట్టి వసారాలో వారము దినములే యుండెను. విఱిగిన బల్లలు పెట్టుటకు స్థలము చాలక, మేమే పిల్లలచేత దానిని మోయించి ఆవరణలోని చింతచెట్టు క్రింద పెట్టించితిమి. బోర్లించుమని చెప్పలేదు. పిల్లలు అందులో కూర్చుండి ఆడుకొనుట చూచి, ఉండనిమ్మంటిమి. రాళ్లు పెట్టలేదు. పరీక్షలు వచ్చెను, జవాబు పత్రములు దిద్దుట వచ్చెను, సెలవులు వచ్చెను. మేము కుటుంబముతో స్వగ్రామమునకు పోయితిమి. పది దినములకొకసారి అన్న మాట ఆ యేబది దినములలో ఒక్కసారియు మాకు జ్ఞప్తికి రాలేదు.

జూన్ మాసమున బడి తెఱచునప్పటికి తొలకరి వాన లొకటి రెండు పడియుండెను. పుట్టి జానెడు నీటితో నిండి, అందు చింతాకు క్రుళ్లి, దోమపిల్లలు గంతులు వేయుచుండెను. నిలిచిన నీటిలో దోమ గ్రుడ్డు ఎగిరెడు దోమ యగుటకు వారము పది దినములు చాలునని మేము పిల్లలకు పాఠము చెప్పియుంటిమి. ఆ పాఠము మా పెరటిలోనే మాకు కనబడెను. నీటిని తోడించి పాఱబోయించితిమి. అప్పుడైనను పుట్టిని ఎత్తి క్రింద చూచితిమా? లేదు. ఖాళీ చేసితిమి గదా, పని తీఱినదనుకొంటిమి. మొదటి తప్పు మఱపు; ఈ రెండవది సోమరితనము.

జూలై కడపట చెఱువునకు మంచి నీరు వచ్చెను. తాత పట్టణమునుండి వచ్చి, ఇంటికైనను పోకముందే బడికి వచ్చెను. చింతచెట్టు క్రిందికి పోయి, రెండు చేతులతో పుట్టి అంచు పట్టుకొని పైకెత్తెను. అంచు చేతిలోనికి వచ్చెను. అడుగు నేలమీదనే నిలిచెను. తారు పూసిన పట్టా మట్టికి అంటుకొని యుండెను. దానికిని మట్టికిని నడుమ చెదలు ఇల్లు కట్టుకొని, ఒక్కొక్క బద్దను లోపలనుండి తిని, పై పొరను మాత్రము విడిచి యుండెను. వ్రేలితో నొక్కిన బద్ద పిండిగా రాలెను. మేము ఏమి చెప్పవలెనో తెలియక నిలుచుంటిమి. తాత కొంతసేపు దానిని చూచి, తన తలగుడ్డను విప్పి చేతులు తుడుచుకొని, “పోనీ సారూ, ఈయేడు వానలన్న మంచిగ వడ్డయి” అనెను. కోపించియుండిన మాకు సులభముగా నుండెడిది.

మఱునాటినుండి మనుమని స్థలము తరగతిలో ఖాళీగా నుండెను. జ్వరమేమో యనుకొంటిమి. నాలుగైదు దినములైన పిదప తోటి పిల్లల నడుగగా, తాతతో చెఱువునకు పోవుచున్నాడనిరి. వారము దాటినను వాడు రాకుండుటచే ఒక వేకువను మేము చెఱువుకట్ట ఎక్కితిమి. తాత గాలి నింపిన లారీ ట్యూబుపై కూర్చుండి చేతులతో నీటిని త్రోయుచు వలను విప్పుచుండెను. పిల్లవాడు మెడలోతు నీటిలో నిలిచి వల కొనను పట్టుకొని వణకుచుండెను. పుట్టి యున్నయెడల ముసలాయన ఒక్కడే చేయు పనికి ఇప్పుడు ఇద్దఱు కావలసివచ్చిరి. ఆ రెండవవాడు ఎవడు కావలయును? ఇంటిలో మఱియొక మగదిక్కు లేదు.

హాజరుపట్టికలో ఆ పిల్లవాని పేరునకెదురుగా పదునొకండు దినములు మేమే గైరుహాజరు గుర్తు పెట్టియుంటిమి. ఆ గైరుహాజరు వానిది కాదు, మాది. పట్టికలో దానిని వ్రాయుటకు గడి లేదు.

నాటి సాయంకాలము మేము కొంత ద్రవ్యము తీసికొని వారి గుడిసెకు పోతిమి. తాత దానిని ముట్టలేదు. “పైసలొక్కటే గాదు సారూ, చేతులు గావాలె. నా చేతులు వణుకుతున్నయి. అల్లేటోళ్లు ఎవలున్నరు?” అనెను. అప్పుడు మేము రెండు మాటలు ఇచ్చితిమి. మొదటిది, క్రొత్త పుట్టి సిద్ధమగువఱకు వేకువను వల కొన పట్టుటకు పిల్లవానికి బదులు మేము వత్తుము. వాడు బడికి రావలెను. రెండవది, ప్రతి సాయంకాలము వచ్చి ఆయన చెప్పినట్లు అల్లెదము. మాకు ఈత రాదు గనుక నడుములోతు దాటి పోలేదు. పంతులుగారు చెఱువులో దిగినారని ఊరివారు నవ్విరి. ఆ నవ్వు మాకు రావలసినదే. రెండవనాడే పిల్లవాడు బడికి వచ్చి తన స్థలమున కూర్చుండెను.

వెదురు కొనునప్పుడు తాత పచ్చి వెదురును ఒప్పుకొనలేదు. చెఱువు నీటిలో నానవేసి ఆఱబెట్టినదే కావలెననెను. మఱియొక జాలరివద్ద అట్టిది దొరకెను. వెదురులో తీపియు పిండిపదార్థమును ఉండును. దానికొఱకే సన్నని పురుగు తొలిచి వెదురును పొడి చేయును. కొన్ని వారములు నీటిలో నానిన వెదురునుండి ఆ పదార్థము చాలవఱకు కరగిపోవును. పురుగునకు ఆహారము తగ్గును. ఇది మేము తరువాత పుస్తకములలో చదివితిమి. తాత దానిని తన తండ్రి చేతులనుండి నేర్చుకొనెను. మూడు వారములు అల్లితిమి. మా వ్రేళ్లు చీరుకొనిపోయెను. అడుగుభాగమున మేము అల్లిన వరుసలను ఆయన రెండుసార్లు విప్పించెను. ఏ విద్యార్థి కాపీపుస్తకమును మేము రెండుసార్లు త్రిప్పి యిచ్చినను వాని కెట్లుండునో అప్పుడు మాకు తెలిసెను.

ఆ పనిలో కూర్చున్నప్పుడే, పుట్టి చెడిపోయిన కారణములను ఒక్కొక్కటిగా విచారించితిమి. కఱ్ఱగాని వెదురుగాని క్రుళ్లుటకు బూజుజాతి జీవులు కారణము. వానికి తేమయు కావలెను, గాలియు కావలెను. కఱ్ఱలోని తేమ నూటికి ఇరువది పాళ్లకు లోపుగా నున్నంతవఱకు క్రుళ్లు పట్టదు. గాలి యేమాత్రము తగులనట్లు బురదలో మునిగియున్నను చాలకాలము చెడదు. తడియును గాలియును కలిసిన నడిమి స్థితియే ప్రాణాంతకము. దీనికి గొప్ప నిదర్శన మొకటి గలదు. 1986లో గలిలయ సముద్రపు నీరు అనావృష్టిచే మిక్కిలి తగ్గినప్పుడు, ఇద్దఱు సోదరులకు ఒడ్డు బురదలో ఒక పాత పడవ కనబడెను. పరీక్షింపగా అది రమారమి రెండువేల యేండ్లనాటిదని తేలెను. పొడవు ఎనిమిది మీటర్లకు కొంచెము పైన. దానిలో పలువిధములైన కఱ్ఱలు, ఎన్నో మరమ్మతులు కనబడినవి; బీదవాడెవడో దొరకిన కఱ్ఱతో మరల మరల బాగుచేసికొన్న పడవ యది. బురద దానిని గాలి సోకకుండ కాపాడెను. బయటికి తీయగానే ఎండి చీలిపోవు ప్రమాదముండుటచే, దానిని తడిగా నుంచి, పిమ్మట కఱ్ఱలోని నీటి స్థానమున మైనమువంటి పదార్థము చేరునట్లు అనేక సంవత్సరములు తొట్టిలో నానవేసి నిలిపిరి. రెండువేల యేండ్లు బురదలో నిలిచిన పడవ, జాగ్రత్త తప్పినచో కొన్ని దినములలో ఒడ్డున చెడిపోయెడిది. మా తాత ఆ వార్త వినలేదు. అయినను ఆయన మాట అదియే.

చెదల సంగతి వేఱు. చెదపురుగు వెలుతురును, పొడి గాలిని సహింపదు. మట్టి గొట్టము కట్టుకొని దాని మాటుననే ప్రాకును. పుట్టి నేలను తాకియున్నచో దానికి దారి దొరకినట్లే. పైకి ఏమియు కనబడదు. రాళ్లపై ఎత్తి పెట్టినచో, చెద ఆ రాతిమీదుగా తన మట్టి గొట్టమును అందఱు చూచునట్లు కట్టుకొని రావలెను. పది దినములకొకసారి చూచువాడు ఆ గొట్టమును చీపురుతో రాల్చివేయును. రాయి చెదను ఆపదు. దానిని మనకు చూపును. చూచువాడు లేనియెడల రాయియు వ్యర్థమే.

ఇక ఎండ. తారు ఎండకు మెత్తబడి కారును. తగిలిన దానికెల్ల అంటుకొనును. ప్లాస్టిక్ పట్టా సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములకు నానాటికి పెళుసై, చేతితో లాగగనే చినుగును. కావున నీడ కావలెను. పుట్టిని వెల్లకిల పెట్టినచో నీరు నిలుచును. ఆకు రాలి క్రుళ్లును. బరువునకు అడుగు వంగి గుండ్రదనము పోవును. ఒకప్రక్కకు ఆనించి నిలిపినను అంచు వంకరపోవును. బోర్లించుటయే మేలు.

ఆ సంవత్సరమునుండి మేము నేర్చుకొన్న పద్ధతి యిది. మొదట పుట్టిని చెఱువు నీటితోనే కడిగి, బురదయు, చేపపొలుసులును లేకుండ చేయవలెను; పొలుసు వాసనకు ఎలుకలు వచ్చి కొఱుకును. తరువాత నీడలో రెండు మూడు దినములు బాగుగా ఆఱనీయవలెను. ఆఱక కప్పిన పుట్టి లోపల బూజు పట్టును. విఱిగిన బద్దలను, పట్టాలోని చిల్లులను అప్పుడే గుర్తింపవలెను. వానలు వచ్చిన పిదప వెదకుటకు తీఱిక యుండదు. కప్పు క్రింద చదునైన తావున మూడు నాలుగు బండరాళ్లు పెట్టి, వానిపై దృఢమైన అంచు ఆనునట్లు బోర్లింపవలెను. క్రిందినుండి గాలి ఆడవలెను. తెడ్డును గోడకు నిలువుగా ఆనింపక రెండు మేకులమీద చదునుగా పెట్టవలెను, లేనిచో వంగిపోవును. వలను ఉతికి ఆఱవేసి, ఎలుకకు అందకుండ వ్రేలాడదీయవలెను. నీటిలో దించుటకు వారము ముందు క్రొత్త తారు పూసి, మొదటిసారి ఒడ్డుదగ్గఱ మోకాలిలోతు నీటిలోనే పరీక్షింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, నడుమ నడుమ ఎత్తి చూచుట.

పలకలతో చేసిన పెద్ద పడవల ధర్మము దీనికి కొంత విరుద్ధము. గోదావరి, కృష్ణా మండలముల కాలువలలో పూర్వము సరకు పడవలు విశేషముగా నడచెడివి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట, సర్ ఆర్థరు కాటనుగారి కాలువలు పొలములకు నీరును, పడవలకు దారియు నిచ్చెను. వేసవిలో కాలువలు కట్టివేసిన కాలమే పడవలను బాగుచేసికొను సమయము. పలకల సందులలో ప్రత్తిదారమును కూరి, నూనెయు గుగ్గిలమును పట్టింతురు. అయితే పలకల పడవ మిక్కిలి ఎండరాదు; ఎండిన పలకలు ముడుచుకొని సందులు విచ్చును. తడి తగిలినప్పుడే అవి ఉబ్బి ఒకదానినొకటి బిగించుకొనును. కావున ఒక పడవకు పొడి ప్రాణము, మఱియొక పడవకు తడి ప్రాణము. పేరు పడవ యైనంతమాత్రమున అన్నిటిని ఒకేరీతిని కాపాడరాదు. తరగతిలో నలువదిమంది పిల్లలను చూచునప్పుడు ఈ సంగతి మాకు తఱచు జ్ఞప్తికి వచ్చును.

ఇప్పుడు మన చెఱువులలో ఫైబరు పుట్లు, థర్మోకోలు తెప్పలు, రబ్బరు ట్యూబులు కనబడుచున్నవి. వీనికి చెద పట్టదు. అంతమాత్రమున కాపుదల అక్కఱలేదనుకొనరాదు. థర్మోకోలు ఎండకు పొడియై రాలి చెఱువులో కలియును. రబ్బరు ఎండలో బీటలు వాఱును. ఆ బీట ఒడ్డున కనబడక నడిచెఱువున తెలియును. ఫైబరు పుట్టి వెల్లకిల పడియున్నను నీరు నిలిచి దోమలకు నెలవగును. వస్తువు మాఱినది, ఎత్తి చూడవలసిన పని మాఱలేదు.

మేము అల్లుటలో సాయపడిన పుట్టి అయిదు వేసవులు నిలిచెను. ఆ యైదు వేసవులును అది మా వసారాలోనే బండలపై బోర్లించబడి యుండెను. బల్లలు వేఱుచోట పెట్టితిమి. పది దినములకొకసారి చూచిన తేదీని మేము గోడమీద బొగ్గుతో వ్రాసెడివారము. ఆఱవ యేట అది పనిలోనే, చెఱువులోనే శిథిలమయ్యెను. అది దానికి తగిన ముగింపు. తాత ఇప్పుడు లేడు. మనుమడు పదవ తరగతి ఉత్తీర్ణుడై, పిదప పని నేర్చుకొని, నేడు నీటిమోటార్లు బాగుచేయుచు కుటుంబమును పోషించుచున్నాడు. తాత తెడ్డును అతడు మాకిచ్చెను. అది మా గదిలో రెండు మేకులమీద చదునుగా నున్నది. ఏటేట సెలవులకు ముందు విద్యార్థులు దానిని దింపి తుడిచి నూనె పూయుదురు.

ఈ సంచిక మీ చేతికి అందునప్పటికి వేసవి సెలవులు దగ్గఱపడును. పిల్లలారా, ఇంటిలో కొంతకాలము వాడక మూలనుంచు వస్తువు ఏదైనను, నాగలియో, కుట్టుయంత్రమో, మీ పుస్తకముల పెట్టెయో, దానిని శుభ్రపఱచి ఆఱబెట్టి, నేలకు తాకకుండ పెట్టుడు. తల్లిదండ్రులారా, ఉపాధ్యాయ సోదరులారా, మఱియొక మాట. వేసవి పనులకు కుటుంబముతో పట్టణమునకో ఇటుకబట్టీలకో పోయి, జూన్‌లో బడికి తిరిగి రాని పిల్లలు ప్రతి యేటను ఉందురు. వారి పేర్లు పట్టికలో నున్నవి గదా యని మనము ఊరకుందుము. మేము వసారాలో పుట్టి యున్నదని ఊరకున్నట్లే. చదువు చదువుచుండగా చెడదు. మానిన దినములలోనే చెడును. కావున అట్టి పిల్లవాని స్థలమును మఱియొకరి కియ్యక, వాని పుస్తకములను భద్రపఱచి, పది దినములకొకసారి వాని యింటికి పోయి చూచి రండు. మేము చూడనందుకు ఒక పిల్లవాడు పదునొకండు దినములు చన్నీటిలో నిలిచెను.